కంప్యూటరు వైద్యమున నిదానమే ప్రధానము
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

మన సంఘపు సభలలో సాహిత్యమును గూర్చియు, సంగీతమును గూర్చియు మాటలాడువారికి కొదవ లేదు. కార్యవర్గమువారు నాకు అప్పగించిన విషయము అంత రసవంతమైనది కాదు. ఇంటిలోని కంప్యూటరు మందగించి, ఎప్పుడు పనిచేయునో ఎప్పుడు మానునో తెలియని స్థితికి వచ్చినప్పుడు గృహస్థులు ఏమి చేయవలెననునదే నేటి ప్రసంగము. వినుటకు చిన్న విషయమువలె తోచును. కాని మనవంటి ఉద్యోగుల యిండ్లలో ఈ యంత్రము కేవలము లెక్కలు వేయునది కాదు. దూరమున నున్న తండ్రికిని, ఇంటనున్న బిడ్డలకును నడుమ అది యొక వంతెన. పిల్లల చదువు, బ్యాంకు వ్యవహారము, పింఛను కాగితములు, పెండ్లి ఫోటోలు అన్నియు దానిలోనే యున్నవి.

దూరమనగా నెట్టిదో కిష్టారమున పనిచేసిన మన సోదరులకు నేను చెప్పనక్కఱలేదు. ఆ గ్రామము ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమునందు, బస్తరు ప్రాంతమున, సుక్మా జిల్లాలో నున్నది. ఆ జిల్లా 2012లో దంతెవాడ జిల్లానుండి వేఱుపడినది. తెలంగాణ సరిహద్దు దానికి చేరువ. అచ్చటి దోర్ల జనులలో తెలుగు తెలిసినవారు కలరు. కనుక మన భాషకు అది పరాయి చోటు కాదు. కాని అచ్చటి దారులు కఠినమైనవి. 2018 మార్చి 13వ తేదీన కిష్టారము, పాలోడి గ్రామముల నడుమ మందుపాతర పేలి కేంద్ర రిజర్వు పోలీసు దళమువారు తొమ్మండుగురు అసువులు బాసిరి. వారి స్మృతికి నమస్కరించి ముందునకు సాగుదము. అట్టి చోట నున్న ఉద్యోగి, ఇంటి యంత్రము చెడినదన్న మాట విన్నంతనే వచ్చి చూడజాలడు. కంప్యూటరును తనతోనే యుంచుకొన్నయెడల, మరమ్మతు చేయువాడు అచ్చటికి రాజాలడు. ఎటుచూచినను చికిత్స చేయవలసినవారు యంత్రము దగ్గఱ నున్నవారే.

మన భాషలో ‘నిదానము’ అను మాటకు రెండు అర్థములున్నవి. ఒకటి మెల్లదనము, రెండవది రోగకారణమును నిర్ణయించుట. ఆయుర్వేదమున ‘మాధవ నిదానము’ అను గ్రంథమంతయు ఈ రెండవ దానికే వినియోగింపబడినది. రోగమేదో తెలియక మందు వేయరాదని మన వైద్యుల మతము. కంప్యూటరు విషయమునను ఇదియే ధర్మము. యంత్రము నిదానించినప్పుడు దాని నిదానము తెలియవలెనన్నచో మనము నిదానింపవలెను. తొందరపాటుతో పది మీటలు నొక్కువారును, విసుగుతో క్రొత్త యంత్రము కొనువారును, రోగమును చూడక రోగిని మార్చువారు.

మొట్టమొదట రెండు ఫిర్యాదులను వేఱుచేయవలెను. మందగించుట యొకటి, నమ్మరానిదగుట మఱియొకటి. అడిగిన పని చేయుచునే ఆలస్యము చేయుట మొదటిది. పనిమధ్య ఆగిపోవుట, దానంతట అది ఆరి మరల వెలుగుట, తెర నీలిరంగుగా మాఱి నిలిచిపోవుట రెండవది. ఈ రెండును ఒకే యంత్రమున నున్నంతమాత్రమున రెండింటికి కారణమొకటే యనుకొనరాదు. జ్వరము, కాలినొప్పి ఒకే మనిషికి వచ్చినను అవి రెండు రోగములై యుండవచ్చును.

అందుచేత మందుకంటె ముందు కావలసినది ఒక నోటుపుస్తకము. ఈ మాటకు చరిత్రలో మంచి సాక్ష్యము కలదు. 1947 సెప్టెంబరు 9వ తేదీన అమెరికాలో హార్వర్డు మార్కు–2 అను గణకయంత్రము సరిగా పనిచేయలేదు. పనివారు వెదకిచూడగా రిలే యను ఒక విద్యుత్ మీటలో చిమ్మట చిక్కుకొని యుండెను. వారు దానిని తీసి, దినచర్య పుస్తకమున అంటించి, మధ్యాహ్నము 3 గంటల 45 నిమిషములకు, ‘ఎఫ్’ ఫలకమునందలి 70వ రిలేలో దొరికినదని వ్రాసిరి. యంత్రదోషమును ‘బగ్గు’, అనగా పురుగు, అనుట అంతకుముందునుండియే కలదు. నిజముగనే పురుగు దొరకుటచేత ఆ పుట ప్రసిద్ధమైనది. కాని నాకు అందు ముఖ్యముగా తోచునది పురుగు కాదు, ఆ వ్రాత. ఏ దినము, ఏ గంట, ఏ చోటు, ఏమి కనబడినది అను నాలుగు సంగతులును అందున్నవి. మన యింట చేయవలసినదియు ఇంతియే.

పేరు చెప్పక ఒక యింటి ముచ్చట మీకు వినిపించెదను. ఇంటి యజమాని కిష్టారమున నుండెను. భార్యయు, తొమ్మిదవ తరగతి చదువు కుమారుడును సరిహద్దున కీవల అద్దె యింట నుండిరి. కంప్యూటరు ఏడెనిమిదేండ్ల నాటిది. అది మిక్కిలి మందగించెను. దినమునకు రెండు మూడు మార్లు దానంతట అది ఆరిపోవుచుండెను. యజమాని ఫోను దొరికినప్పుడు రెండు నిమిషములు మాటలాడగలిగినచో అదృష్టము. ఆయన ఒకనాడు, “డిస్కునంతయు తుడిచివేసి విండోసు మరల వేయించుము, బాగగును” అని చెప్పెను. ఆ యిల్లాలు, “ఏమండీ, అంతయు తుడుచుమనుచున్నారు, అత్తయ్యగారి మాట అందులోనే యున్నది కదా, తరువాత ఎచ్చట విందుము?” అనెను. ఆయన తల్లిగారు కాలము చేయుటకు పూర్వము మనుమనికి చెప్పిన కథలు ఆ యంత్రమున ధ్వనిముద్రితములై యుండెను. ఆ మాటతో ఆయన మౌనము వహించెను. అంతలో ఫోను తెగిపోయెను.

తరువాత వారు నన్ను సంప్రదింపగా, ఒక వారము దినములు ఏ మందును వేయక, జరిగినదంతయు వ్రాయుమని కోరితిని. కథలను మాత్రము ఆనాడే వేఱొక చోట ప్రతి తీయుమంటిని. ఆమె వ్రాసినది చూచి నేను ముచ్చటపడితిని. సోమవారము సాయంకాలము 6 గంటల 10 నిమిషములకు ఆరిపోయినది. అప్పుడే ప్రక్కయింటి నీళ్ళ మోటారు మొదలైనది, మా దీపము మినుకుమన్నది. మంగళవారము తెల్లవాఱుజామున రెండు గంటలు ఆటంకము లేదు. బుధవారము ఫోటోలు తెఱచునప్పుడు టిక్కు టిక్కుమను చప్పుడు. ఉత్తరము వ్రాయునప్పుడు ఆ చప్పుడు లేదు. గురువారము సాయంకాలము మోటారు, మరల ఆరుట. ఇట్లు ఏడు దినములు.

ఈ పుటలు చదివినవారికి రెండు రోగములు రెండు చేతులెత్తి తమ పేర్లు తామే చెప్పుచున్నట్లు కానవచ్చును. ఆరిపోవుటకు కారణము కరెంటు. మోటారు మొదలగునప్పుడు వోల్టేజి పడిపోవుచుండెను. ఆ క్షణమున యంత్రమును నిలుపవలసిన యూ.పీ.ఎస్. లోని బ్యాటరీ ఎన్నడో చచ్చియుండెను. మందగించుటకు కారణము డిస్కు. అది చెడుటకు మొదలిడెను. అప్పుడు విండోసు మరల వేయించియున్నచో రెండు రోగములలో ఒక్కటియు పోదు. పోవునది ఆ ముసలమ్మ గొంతు మాత్రమే.

కనుక రెండవ సూత్రము: చికిత్సకు పూర్వమే రక్షణ. చప్పుడు చేయు డిస్కును పరీక్షల పేరిట శ్రమపెట్టరాదు. ఆర్పి వెలిగించి చూడరాదు. దానికెంత ఆయువున్నదో తెలియదు. ఉన్న ఆయువును అమూల్యమైన దానిని బయటికి తీయుటకే వినియోగింపవలెను. మరల సంపాదింపలేనిది మొదట, సంపాదింపగలిగినది తరువాత. సినిమాలు, పాటలు, విండోసు ఇవన్నియు మరల దొరకును. ఆ కుటుంబమువారు కథల పిదప కుమారుని బాల్యపు ఫోటోలు, పిదప కాగితములు, ఈ వరుసను వేఱొక డిస్కునకు ఎక్కించిరి. కొన్ని ఫోటోలు చదువబడలేదు. కథలన్నియు నిలిచినవి. తరువాత డిస్కును, యూ.పీ.ఎస్. బ్యాటరీని మార్చగా ఆ పాత యంత్రమే చక్కగా నడచినది.

మూడవ సూత్రము: ఒక మారు ఒక మార్పే. ఒకేనాడు డిస్కు మార్చి, జ్ఞాపకశక్తి పెంచి, విండోసు క్రొత్తగా వేసినచో, గుణము కనబడినను దేనివలన కనబడినదో తెలియదు. రోగము మరల వచ్చినప్పుడు మన మెఱుక సున్న.

ఇక సామాన్యముగా వచ్చు రోగములను ఒక్కొక్కటిగా చెప్పెదను.

మందగతికి మొదటి కారణము ర్యాము చాలకుండుట. ఇల్లాండ్రకు సులభముగా తెలియునట్లు చెప్పవలెనన్న, ర్యాము వంటగట్టు వంటిది. డిస్కు కొట్టుగది వంటిది. గట్టు చిన్నదై, చేయవలసిన వంటకములు పెక్కైనచో, వండునామె ప్రతి దినుసునకును కొట్టుగదికి పరుగెత్తవలెను. చేతిలో వేగమున్నను కాలమంతయు నడకకే పోవును. తిరుగు డిస్కు నిమిషమునకు సాధారణముగా 5,400 లేక 7,200 మార్లు తిరుగును. 7,200 అనగా సెకనునకు 120. ఒక చుట్టునకు ఎనిమిది మిల్లీసెకన్లకు పైగా పట్టును. చిన్న చిన్న ఫైళ్ళను చెదరిన చోట్లనుండి వెదకి తెచ్చునప్పుడు సాధారణముగా సెకనునకు సుమారు నూఱు మార్లకంటె ఎక్కువగా అది తేజాలదు. తిరుగుట లేని ఎస్.ఎస్.డి. యను క్రొత్త డిస్కు అదే కాలమున వేలకొలది మార్లు తేగలదు. అందుచేతనే పాత యంత్రమునకు ఎస్.ఎస్.డి. అమర్చినచో ముసలి యెద్దునకు పడుచుకాళ్ళు వచ్చినట్లుండును.

ఏది చాలకున్నదో చూచుటకు విండోసునందు కంట్రోల్, షిఫ్టు, ఎస్కేప్ అను మూడు మీటలను కలిపి నొక్కవలెను. టాస్కు మేనేజరు అను పట్టిక వచ్చును. యంత్రము మందగించి యున్న సమయముననే దానిని చూడవలెను. మెమొరీ నిండియున్నదా, డిస్కు నూటికి నూఱుపాళ్ళు పనిలో నున్నదా, ప్రాసెసరు తీరిక లేక యున్నదా యని అది చెప్పును. యంత్రము వెలుగుటతోడనే పిలువని పేరంటమునకు వచ్చినట్లు మొదలగు ప్రోగ్రాముల జాబితాయు అందే కలదు. తెలిసినవానిని, అక్కఱలేనివానిని ఆపవచ్చును. తెలియని దానిని తెలిసికొనువఱకు ముట్టరాదు.

రెండవ కారణము వేడి, దుమ్ము. 1967లో హైదరాబాదున స్థాపింపబడి, డాక్టరు అయ్యగారి సాంబశివరావుగారి నాయకత్వమున పెరిగిన ఈ.సీ.ఐ.ఎల్. సంస్థ టి.డి.సి. శ్రేణి గణకయంత్రములను తయారుచేసెను. పూర్వము కంప్యూటరున్న గదిని చల్లబఱచి, చెప్పులు బయట విడిచి లోనికి పోవుచుండిరి. నేటి యింటి కంప్యూటరునకు ఆ మర్యాద లేదు. గోడకానించి, పైన గుడ్డ కప్పి, ప్రక్కన అగరువత్తులు వెలిగింతుము. ప్రాసెసరు తాను కాలిపోకుండుటకు, వేడి హెచ్చినప్పుడు తన వేగమును తానే తగ్గించుకొనును. వేడి ఇంకను హెచ్చినచో యంత్రము ఆరిపోవును. ఉదయము బాగుండి, మధ్యాహ్నము మందగించు యంత్రము ఈ తెగకు చెందినది. కరెంటు తీగ ఊడదీసి, మూత తెఱచి, ఫ్యాను రెక్కలు తిరుగకుండ వ్రేలితో పట్టుకొని, మెత్తని కుంచెతో దుమ్ము తీయవలెను. అడవి ప్రాంతమున చీమలును, బల్లులును వెచ్చదనము కోరి లోన చేరును. మూత లేని రంధ్రములను మూయుట మంచిది. గాలి రంధ్రములను మూయరాదు. ఒక్క హెచ్చరిక: కరెంటు తీగ వచ్చి చేరు పవర్ సప్లయి పెట్టెను ఎన్నడును విప్పరాదు. తీగ ఊడదీసిన పిదపను అందు ప్రాణాపాయకరమైన విద్యుత్తు నిలిచియుండవచ్చును.

మూడవది కరెంటు. మన దేశమున ఇంటికి రావలసినది 230 వోల్టులు. అది పలుమార్లు పడి లేచు చోట, ఎర్తు సరిగా లేని చోట, యంత్రము నమ్మరానిదగుటలో వింత లేదు. యూ.పీ.ఎస్. ఉన్నదన్న ధైర్యము చాలదు. నెలకొకమారు, పని భద్రపఱచిన పిదప, గోడ స్విచ్చి ఆపి అది యెంతసేపు నిలుపునో చూచి పుస్తకమున వ్రాయవలెను. ఉఱుము మెఱుపులప్పుడు కరెంటు తీగతోపాటు ఇంటర్నెట్టు తీగను కూడ ఊడదీయవలెను. పిడుగుపాటు రెండు దారులను వచ్చును.

నాల్గవది మిక్కిలి చిన్నది, మిక్కిలి మోసపుచ్చునది. కంప్యూటరు లోపల రూపాయి బిళ్ళవంటి 3 వోల్టుల బ్యాటరీ కలదు, సి.ఆర్. 2032 దాని పేరు. యంత్రము ఆరియున్నప్పుడును గడియారమును నడపునది అదియే. అది నీరసించినచో యంత్రము వెలిగినప్పుడెల్ల తేదీ ఎన్నో యేండ్ల వెనుకకు పోవును. బ్యాంకు వెబ్‌సైటు చూపు ధ్రువపత్రమునకు ఆరంభ తేదీ, ముగింపు తేదీ ఉండును. మన యంత్రము తప్పు తేదీతో దానిని సరిచూచి, చెల్లదని నిరాకరించును. గృహస్థు బ్యాంకును నిందించును, ఇంటర్నెట్టువారిని నిందించును. దోషము ఆ చిన్న బిళ్ళది. కనుక ఏ సైటును తెఱచుకొననప్పుడు మొదట తెర మూలనున్న తేదీని చూడుడు.

ఐదవది, యంత్రమునది కాని మందగతి. సినిమా ఆగి ఆగి వచ్చుచున్నదని ర్యాము కొనువారున్నారు. ఇంటిలోని ఫోటో వెంటనే తెఱచుకొని, ఇంటర్నెట్టు మాత్రమే ఆలస్యమైనచో, రోగము యంత్రమున లేదు, దారిలో నున్నది. కిష్టారమువంటి చోట్ల దీనిని బాగుగా గుర్తింపవలెను. మావోయిస్టుల ప్రభావమునకు లోనైన ప్రాంతములలోని 2,343 సెల్ టవర్లను రెండవ తరమునుండి నాల్గవ తరమునకు పెంచుటకు 2022 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గము ఆమోదము తెలిపెను. సంకేతము భూస్థిర ఉపగ్రహముద్వారా పోవలసిన చోట ప్రకృతి నియమమే యడ్డు. ఆ ఉపగ్రహము సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున నుండును. మన ప్రశ్న పైకి పోయి దిగవలెను, జవాబు పైకి పోయి దిగవలెను. కాంతివేగముతో పోయినను దీనికి దాదాపు అర సెకను పట్టును. ఇంటనున్నవారు ‘ఏమండీ’ యనినప్పుడు అటనుండి బదులు రాక ఒక క్షణము ఆగినచో, అది ఆయన నిర్లక్ష్యము కాదు, ఆకాశపు దూరము. ఒకరు ముగించువఱకు మఱియొకరు ఆగి మాటలాడుటయే దానికి మందు.

ఆఱవది దొంగ ప్రోగ్రాములు, దొంగ వైద్యులు. ‘మీ కంప్యూటరు చెడినది, మేము బాగుచేసెదము’ అని పిలువకయే ఫోను చేయువాడు వైద్యుడు కాడు. అట్టివానికి యంత్రమును దూరమునుండి నడుపు అధికారము ఇచ్చుట, అపరిచితునకు ఇనుప్పెట్టె తాళము ఇచ్చుటయే. పింఛనుదారులు ఈ విషయమున మిక్కిలి జాగరూకులై యుండవలెను. విండోస్ 10నకు మైక్రోసాఫ్టు సంస్థ 2025 అక్టోబరు 14తో సాధారణ పోషణ ముగించినది. విండోస్ 11నకు కనీసము 4 గిగాబైట్ల ర్యాముతోపాటు టి.పి.ఎం. 2.0 అను భద్రతా పరికరము కావలెను. పాత యంత్రములు పెక్కింటికి అది లేదు. అట్టివానిని పాఱవేయనక్కఱలేదు. ఖర్చులేని లినక్సు వేసికొన్నచో ఉత్తరములకును, చదువునకును, ఇంటర్నెట్టునకును అవి యింకను పనికివచ్చును.

ఇంత చెప్పినను యంత్రము ఎప్పుడో యొకప్పుడు పోవును. దానిని గూర్చి దుఃఖింపనక్కఱలేదు. పోరానిది అందున్న వస్తువు. మన పెద్దలు తాటాకుల మీద వ్రాసిరి. ఆకు చివుకును, పురుగు తినును. అది యెఱిగియే, ఆకు చెడకముందే క్రొత్త ఆకుల మీద ప్రతి వ్రాయించిరి. బ్రౌనుదొర వేమన పద్యముల కొఱకు పెక్కు ప్రతులు సేకరించి, లేఖకుల నుంచి, ఒకదానితో నొకటి సరిచూపించెను; 1829లో అవి అచ్చైనవి. ఒక్క ప్రతిని నమ్ముకొన్నచో ఏమగునో ఆయనకు తెలియును. మన కథకును అదే నీతి. ముఖ్యమైన దానికి మూడు ప్రతులుండవలెను. అవి రెండు వేఱు వేఱు సాధనముల మీద నుండవలెను. ఒకటి వేఱొక యూర నుండవలెను. సెలవు మీద వచ్చిన ఉద్యోగి తిరిగి పోవునప్పుడు ఒక చిన్న పెన్‌డ్రైవును పెట్టెలో నుంచుకొన్నచో ఆ మూడవది సిద్ధించును. కుటుంబపు ఫోటోలు కిష్టారమున, ఇంట, పుట్టింట మూడు చోట్ల నుండును. రహస్యమైన కాగితములకు మాత్రము సంకేతపదము బిగింపవలెను; కార్యాలయపు కాగితములను ఈ ప్రతులలో ఎన్నడును చేర్చరాదు.

సోదరీమణులకు ప్రత్యేకముగా ఒక మనవి. యంత్రము మగవారి వస్తువని, దానిని ముట్టుటకు ఆయన రావలెనని కొందఱు తలంచుచున్నారు. నేను చెప్పిన యింట రోగము కనిపెట్టినది దూరమున నున్న యజమాని కాదు, మీ ముందు నిలిచిన నేనును కాను. మోటారు చప్పుడును, దీపపు మినుకును, గడియారమును కలిపి చూచిన ఆ యిల్లాలు. పసిబిడ్డ జ్వరము ఏ వేళ హెచ్చునో, ఏ వేళ తగ్గునో గమనించు తల్లికి ఈ విద్య క్రొత్తది కాదు.

వ్రాయుడు; ముందు రక్షింపుడు; ఒక మారు ఒక్కటే మార్పుడు. ఈ మూడు మాటలు జ్ఞాపకముంచుకొన్నచో చాలును. నేటి రాత్రి ఇంటికి పోయి, యంత్రము బాగుగా నున్నప్పుడే, మీకు మరల దొరకని వస్తువు ఏదియో ఆలోచించి, దానికి రెండవ ప్రతి తీయుడు. యంత్రము చెడిన దినమున అది మీకు కలుగు ఊరట.